రేపటి పేజీ

జూన్ 9

చేయి ఖాళీగా ఉండలేకపోతోంది. పెన్ను పట్టుకుంటే కుదురుగా ఉంటోంది. అందుకని రాస్తున్నాను. వేరే కారణం లేదు.

ఈ డైరీ మా ఆవిడది. మొదటి పేజీలో "కొత్త సంవత్సరం, పాత బద్ధకం" అని రాసి వదిలేసింది. మిగతాదంతా తెల్లగా ఉంది.

ఎడిటర్ గారు ఫోన్ చేశారు. ముందు పరామర్శ, తర్వాత పని. మా బొమ్మల కథ మూడో భాగం జూలై ఇరవైకి కావాలన్నారు. ఇస్తానన్నాను. ఇరవై నాలుగు పేజీల్లో పదింటికి ఆమె ఉండగానే ఇంకు పెట్టాను. ఇంకా పద్నాలుగు. రోజుకొకటి చేసినా ముందే అయిపోతుంది.

రేపు మొదలుపెడతాను.

జూన్ 10

రేపు.

జూన్ 13

బల్ల తుడిచాను. నిబ్బులు కడిగి ఆరబెట్టాను. పదకొండో పేజీ తీసి బల్ల మీద పెట్టాను. కాసేపు చూసి మళ్లీ ఫోల్డర్‌లో పెట్టేశాను.

ఆమె పెన్సిల్‌తో గీస్తుంది. నేను దాని మీద ఇంకు పెడతాను. ఇంకు ఆరాక పెన్సిల్ గీతను రబ్బరుతో చెరిపేస్తాను. చెరపకపోతే ప్రెస్సు కెమెరాకి రెండు గీతలూ పడి బొమ్మ మసకగా వస్తుంది. పంతొమ్మిదేళ్లు ఇదే పని. రోజూ సాయంత్రం రబ్బరు పొట్టు ఊడ్చి బుట్టలో పోసేవాణ్ణి. ఆమె టీ గ్లాసుతో వచ్చి తలుపు దగ్గర నిలబడేది. "నా పొద్దుటి కష్టమంతా పొట్టు చేసేశారా మహానుభావులు?" అనేది.

పంతొమ్మిదేళ్ల పొట్టు. ఒక్క రోజు కూడా ఏమీ అనిపించలేదు.

మెడ నొప్పిగా ఉంది. అందుకే ఇవాళ చేయలేదు.

జూన్ 16

వాన. ఇంకు ఆరదు.

మొదటి రెండు భాగాలూ మళ్లీ చదివాను. ఈ మూడు భాగాల కథ పేరు "దొంగ చేతికి తాళాలు". మా బొమ్మల కథల ముసుగు నాయిక మిణుగురుకి ముగ్గురు శత్రువులు. ఇళ్లు తగలబెట్టే బూడిద దొర. ఏ తాళమైనా తీసే తాళాల రాణి. మనుషుల గొంతులు లాగేసి సీసాల్లో దాచుకునే గొంతు దొంగ. ఇన్నేళ్లూ వీళ్లను పట్టుకోవడం, వీళ్లు పారిపోవడం. చివరికి విసిగిపోయిన నగర సభ, ఎలాగూ ఆపలేకపోతున్నాం కదా అని, ముగ్గురికీ పదవులు ఇచ్చేస్తుంది. బూడిద దొరకి అగ్నిమాపక శాఖ. తాళాల రాణికి జైళ్లు. గొంతు దొంగకి రేడియో. వాళ్ల మొదటి ఉత్తర్వు: ముసుగు వేసుకుని ఎవరినీ కాపాడరాదు. కాపాడదలచినవారు దరఖాస్తు పెట్టుకోవాలి. మూడు ప్రతులు.

ఈ ఊహ ఆమెకి ఏదో ఆఫీసు కౌంటరు ముందు రెండు గంటలు నిలబడ్డ రోజు వచ్చింది. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే చెప్పింది. "కత్తి పట్టుకున్నవాడిని చూస్తే జనం పారిపోతారు. రబ్బరు స్టాంపు పట్టుకున్నవాడి ముందు జనమే వచ్చి క్యూ కడతారు. ఇన్నాళ్లూ మన విలన్లకి తెలివి లేదయ్యా!"

నవ్వాను. చెప్పులు విడువు అన్నాను. ఇంకేమైనా అని ఉండాల్సింది.

జూన్ 17

కథ ఎలా ముగుస్తుందో నాకు తెలియదు. రేపటి పేజీ చూడకూడదు, ఇది ఈ ఇంటి చట్టం. పెట్టింది ఆమె. "ముందే తెలిస్తే నీ గీతకి తెలిసిపోతుంది. గోతిలో పడబోతున్నానని తెలిసినవాడి నడకలా ఉంటుంది" అనేది. పొద్దున్నే ఆనాటి పేజీ ఒక్కటే నా బల్ల మీద ఉండేది.

ఈ చివరివి ఆసుపత్రి మంచం మీద గీసింది, ఒళ్లో అట్ట పెట్టుకుని. ఫోల్డరుకి నాడా కట్టి ఇచ్చింది. "రోజుకొకటి. దొంగచూపులు లేవు" అంది. ముడి వేయడానికి వేళ్లు సహకరించకపోతే నేను వేయబోయాను. చేయి తోసేసింది.

జూన్ 18

మరదలు వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ చూసింది.

"ఏం తింటున్నారు బావా?"

"తింటున్నాను."

"ఏం తింటున్నారని అడిగాను. తింటున్నారా అని కాదు."

అక్క గీసిన బొమ్మ ఒకటి కావాలంది. ఫ్రేము కట్టించుకుంటుందట. మిణుగురు ఒక్కతే ఉన్నది ఏదైనా చాలంది. బీరువా తెరిచాను. ప్రెస్సు నుంచి తిరిగొచ్చిన పాత పేజీలన్నీ కట్టలుగా ఉన్నాయి. ఇద్దరం నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూశాం. కాసేపటికి ఆమె చేతులు ఆగాయి.

"ఇవన్నీ ఇంకువే కదా బావా. ఇవి మీ గీతలు. అక్కవేవి?"

వెతికి చెప్తానన్నాను.

ఫోల్డరు అప్పుడు బల్ల మీదే ఉంది. దాని మీద వార్తాపత్రిక కప్పి ఉంది. నేనే కప్పాను.

జూన్ 19

పదకొండో పేజీ ఇవాళ సరిగ్గా చూశాను. ఊరంతా వాన, ఆఫీసు ముందు గొడుగుల బారు. అంచున నీలం పెన్సిల్ రాత. లేత నీలం ప్రెస్సు కెమెరాకి కనపడదు. అందుకని నాకు చెప్పాల్సినవన్నీ బొమ్మ పక్కనే నీలంతో రాసేస్తుంది.

"వాన సన్నగా పెట్టు. నీ వాన ఎప్పుడూ చీపురుపుల్లల్లా పడుతుంది. పడకగది కిటికీ మూశావా?"

వెళ్లి చూశాను. మూయలేదు. పరుపు అంచు తడిసింది.

జూన్ 20

ఇంకు పెట్టలేదు. ఆ వాక్యం చదువుతూ కూర్చున్నాను. కొత్తగా విన్నట్టే ఉంది. ఇంకా పదమూడు పేజీలు. పదమూడు మాటలైనా ఉంటాయి.

జూన్ 22

ఉపాయం దొరికింది. ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో. లైటు బల్ల మీద ఆమె పేజీ, దాని మీద కొత్త కాగితం. కింది నుంచి వెలుతురు వస్తుంది, గీత కనిపిస్తుంది, దాన్ని చూస్తూ కొత్త కాగితం మీద ఇంకు పెట్టడమే. ఆమె పేజీని ముట్టుకోనక్కర్లేదు. ప్రెస్సుకి కొత్తది, నాకు పాతది.

ఒకే రోజులో రెండు పేజీలు చేశాను. కడుపునిండా తిన్నాను.

జూన్ 24

పదమూడు. మిణుగురు దరఖాస్తు పట్టుకుని క్యూలో నిలబడుతుంది. వెనక కిటికీలోంచి ఎవరి ఇల్లో తగలబడుతూ కనిపిస్తోంది. గుమాస్తా అడుగుతున్నాడు: "ఎవరిని, ఎందుకు కాపాడదలచారు? మంట అంటుకోక ముందే దరఖాస్తు పెట్టుకోవాలని తెలియదా?"

నీలం: "క్యూలో ఐదోవాడివి నువ్వే. బొజ్జ తగ్గించాను. థాంక్స్ అక్కర్లేదు."

నిజంగానే తగ్గించింది.

జూన్ 25

పద్నాలుగు. నాలుగు పేజీలు పంపించాను. బాగా వచ్చాయి.

జూన్ 26

బాగానే వచ్చాయి.

జూన్ 30

ఎడిటర్ గారు మూడంతస్తులు ఎక్కి వచ్చారు. మోకాళ్ల నొప్పుల మనిషి. గొడుగు మూలన పెట్టి, కూర్చోకుండానే నా నాలుగు పేజీలూ బల్ల మీద పరిచారు.

"ఏమయ్యా, ఎవరు చేశారివి?"

"నేనే."

"నీ గీత ముప్పై అడుగుల దూరం నుంచి గుర్తుపడతాను. నీ గీత నడుస్తుంది. ఇది గోడ పట్టుకుని తడుముకుంటోంది. అమ్మాయి పెన్సిల్ పేజీలేవీ?"

ఆయనే వార్తాపత్రిక ఎత్తి చూశారు. నాలుగు పేజీలు, గీత చెక్కుచెదరకుండా. అప్పుడు కూర్చున్నారు.

"చూడూ, నీ బాధ నాకు తెలియదని కాదు. కానీ ఇరవై దాటితే నా చేతుల్లో ఉండదు. కొత్త ఆర్టిస్టు చేత చివరి భాగం మొత్తం తిరగరాయించి గీయిస్తామంటున్నారు పైవాళ్లు. వాళ్లకి కావాల్సింది ఏమిటో తెలుసా? ముగ్గురు విలన్లూ జైల్లో, మిణుగురు ఆకాశంలో."

"ఆమె ఏం రాసిందో నాకే తెలియదు."

"నాకూ తెలియదు. తెలుసుకోవాలని ఉంది. పాఠకులకీ ఉంది. ఆ పిల్ల మంచం మీద పడి గీసింది జనం చదవాలని. దాన్ని నువ్వు పేపరు కప్పి దాచుకుంటే ఏమంటారో నేను వేరే చెప్పాలా? మీ కథ పేరే చెబుతోంది."

టీ పెట్టబోతే వద్దన్నారు. మెట్లు దిగేటప్పుడు చేయి పట్టుకున్నాను. రెండో అంతస్తు దగ్గర ఆగి, "ఇంట్లో పాలు విరిగిన వాసన వస్తోంది, చూసుకో" అన్నారు.

జూలై 1

దొంగ చేతికే ఇచ్చింది.

జూలై 2

నా నాలుగు పేజీలు, ఆమె నాలుగు పేజీలు పక్కపక్కన పెట్టి పొద్దంతా చూశాను. ఆయన చెప్పింది నిజం. కారణం కూడా తెలిసింది, కంటికి కాదు, వేలికి. ఆమె పెన్సిల్ గట్టిగా నొక్కుతుంది. కాగితంలో సన్నటి గాడి పడుతుంది. పంతొమ్మిదేళ్లూ నా నిబ్బు ఆ గాడిలో నడిచింది. నా గీత అంటే అదీ. లైటు బల్ల మీది కొత్త కాగితానికి గాడి లేదు.

నాకు గీయడం రాదు. గీసినదాని మీద నడవడం వచ్చు. కాలేజీలో చదువుకునేటప్పుడు ఆమె ముఖం ఒకసారి గీశాను. చూసి, "ఎవరండీ ఈ పెద్దాయన?" అంది. తర్వాత పెళ్లి చేసుకుంది. ముఖం మాత్రం మళ్లీ గీయలేదు.

జూలై 3

పదకొండో పేజీ. ఆమె పేజీ మీదే. ఇంకు పెట్టాను. వాన సన్నగా పెట్టాను.

చెరపలేదు.

జూలై 4

చెరిపాను. మొదట మూలన ఒక గొడుగు. తర్వాత మిగతాది. మెత్తటి రబ్బరే వాడాను, కాగితానికి దెబ్బ తగలకుండా. పొట్టు ఊడ్చలేదు. బల్ల చివరికి నెట్టి పెట్టాను.

నీలం రాత అలాగే ఉంది. కెమెరాకి కనపడదు కనుక దాన్ని ఎప్పుడూ చెరిపేవాణ్ణి కాదు.

జూలై 7

పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ఐదోవాడి బొజ్జ ఆమె పెట్టినంతే ఉంచాను.

జూలై 9

పదిహేను. "బూడిద దొర కుర్చీ పెద్దదిగా, కాళ్లు నేలకి ఆనకుండా. నవ్వు రావాలి, భయం కూడా వేయాలి. ఇవాళ పక్క మంచం ఆవిడ వెళ్లిపోయింది. ఇంటికి కాదు."

పదహారు. "ఏమీ చెప్పేది లేదు. బాగా పెట్టు."

ఆ రోజు నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. కిటికీ దగ్గర కుర్చీలో. ఆమె గీస్తోంది. ఏం రాస్తున్నావని అడగలేదు.

జూలై 11

పద్దెనిమిది. మిణుగురు ముసుగు తీసి కౌంటరు మీద పెడుతుంది. మనకి వెనక జడ మాత్రమే కనిపిస్తుంది. గుమాస్తా ముసుగు మీద కూడా స్టాంపు వేస్తాడు. తాళాల రాణి దాన్ని సొరుగులో పెట్టి తాళం వేస్తుంది.

ఇన్నేళ్లలో మిణుగురు ముఖం ఎవరూ చూడలేదు. రాత్రి ముసుగు. పగలు వీధి దీపాలు బాగుచేసే ఉద్యోగం, స్తంభం మీద ఉంటుంది, మనకి వీపే. పాఠకులు ఉత్తరాలు రాసేవారు, ఒక్కసారి చూపించమని. ఆమె జవాబు రాసేది: "నాకూ చూడాలనే ఉంది."

ఓడిపోయింది కదా. ఇంకా ఆరు పేజీలు ఏం చేస్తుంది?

జూలై 12

ఇవాళ పని ఆపి బీరువా తెరిచాను. పాత కట్టలు విప్పి, ఈసారి బొమ్మలు చూడలేదు, అంచులు చూశాను.

అన్నీ ఉన్నాయి. వెలిసిపోయాయి, కానీ ఉన్నాయి. "చేతి పొడుగు తగ్గించు, కోతిలా ఉంది." "సారీ, నిన్నటి మాటకి." "సారీ చెప్పాను కదా, ఈ గోడ కాస్త ప్రేమగా పెట్టు." "ఇవాళ నీ పుట్టినరోజని నాకు గుర్తుంది. నీకు లేదు." నిజమే, ఆ రోజు నాకు గుర్తు లేదు. ఆ పేజీకి ఇంకు పెట్టాను, రాత చదివాను, ఏమీ అనకుండా చెరపాల్సింది చెరిపాను. సాయంత్రం ఏం చేశామో గుర్తు రావడం లేదు.

ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

జూలై 14

మరదల్ని రమ్మన్నాను. ఒక పాత పేజీ ఇచ్చాను. తాళాల రాణి మొదటిసారి కథలోకి వచ్చిన పేజీ.

"ఇది మీ ఇంకే కదా బావా" అంది, మొహం చిన్నబుచ్చుకుని.

"అంచు చూడు. వెలుతురులో పెట్టి చూడు."

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివింది, పైకే. "'రాణిగారికి మా చెల్లి ముక్కు పెట్టాను. దానికి చెప్పావంటే ఊరుకోను.'"

తర్వాత ముక్కు పట్టుకుని చూసుకుంది. అద్దం దగ్గరికి వెళ్లింది. పేజీ పక్కన పెట్టుకుని చూసింది.

"పదిహేనేళ్లు! పదిహేనేళ్లు ఈ దొంగది నా ముక్కుతో ఊరి తాళాలన్నీ తీసిందా? మా ఆయన ఎన్నిసార్లు అన్నాడో, ఈ విలన్‌ని ఎక్కడో చూసినట్టుందే అని!"

నవ్వడం మొదలుపెట్టింది. ఆపలేకపోయింది. నవ్వు ఎక్కడ ఏడుపైందో చెప్పలేను. నేను వంటింట్లోకి వెళ్లి నీళ్లు తెచ్చాను. తెచ్చేసరికి ముక్కు ఎర్రగా ఉంది, పేజీ ఒళ్లో ఉంది.

"మీకు తెలుసు కదా! మీరైనా చెప్పొచ్చుగా బావా."

"ఊరుకోనని రాసింది."

వెళ్తూ వెళ్తూ గిన్నెలన్నీ తోమి వెళ్లింది.

జూలై 16

ఇరవై, ఇరవై ఒకటి. ముసుగు పోయినా మిణుగురు మర్నాడు పొద్దున్నే దీపాల డ్యూటీకి వెళ్తుంది. ఊళ్లో ఎవరికీ గొంతు లేదు, రేడియో మాత్రం మాట్లాడుతుంటుంది.

చేయి కుదురుగా ఉంది.

జూలై 17

ఇరవై రెండు. "రెండే మిగిలాయి. నెమ్మదిగా చెయ్యి. నాకోసం కాదు, నీ మెడ కోసం."

నెమ్మదిగానే చేస్తున్నాను.

జూలై 18

ఇరవై మూడు. పొద్దు వాలుతోంది. మిణుగురు స్తంభం ఎక్కి కొత్త బల్బు పెడుతుంది. వెలుగుతుంది. ఎదురింట్లో ఒకరు దీపం వేసి ఆర్పి మళ్లీ వేస్తారు. ఆ పక్కింట్లో కూడా. ఆ పక్క వీధి. మాట లేదు, ఒక్క సంభాషణ బుడగ కూడా లేదు పేజీ మొత్తంలో. మేడ మీది ఆఫీసులో ముగ్గురూ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడతారు. కింద అందరూ ఏం చెప్పుకుంటున్నారో వాళ్లకి అర్థం కావడం లేదు. దానికి ఏ దరఖాస్తు పెట్టించాలో తెలియడం లేదు.

కుర్చీలు వాళ్లవే. ఇంకా వాళ్లవే.

నీలం ఏమీ లేదు. వెనక తిప్పి కూడా చూశాను. లేదు.

ఫోల్డర్‌లో ఒక్క కాగితం ఉంది. తీయలేదు. రేపటిది రేపే.

జూలై 19

ఉదయం ఆరింటికి తీశాను.

ఒకటే బొమ్మ, పేజీ అంతా. స్తంభం మీద మిణుగురు, మొదటిసారి ఇటు తిరిగి. భుజాలు, పనిబట్టలు, నడుముకి తాడు, బల్బు మీద చేయి, జడ గాలికి. అన్నీ గీసింది. గీత కొన్నిచోట్ల సన్నబడింది, మోచేతి దగ్గర రెండుసార్లు తప్పి మళ్లీ దిద్దుకుంది.

ముఖం లేదు. అండాకారం కూడా వేయలేదు. తెల్ల కాగితం. అందులో నీలం పెన్సిల్‌తో, చిన్న అక్షరాలు:

"ఇది నేను గీయలేదు. గీస్తే చెరిపేస్తావు. నువ్వే గియ్యి. పెన్సిల్ ముట్టుకోకుండా."

కిందికి వెళ్లి పాలు తెచ్చుకున్నాను. కాచాను. తాగాను. వచ్చి మళ్లీ చదివాను.

ఎడిటర్ గారికి ఫోన్ చేశాను. పేజీలో ముఖం లేదన్నాను.

"అయ్యో. పోనీ మన కొత్త కుర్రాడి చేత..."

"వద్దండీ."

"నీకు ముఖాలు రావు కదయ్యా?"

"రావు."

"రేపు పదింటికి మనిషిని పంపిస్తాను" అన్నారు.

ముందు మిగతా బొమ్మకి ఇంకు పెట్టాను. భుజాలు, తాడు, చేయి. జడ. ఆరాక చెరిపాను. మోచేతి దగ్గర దిద్దుకున్న గీతలు రెండూ పోయాయి. గాడి ఉంది, వేలితో చూశాను.

తర్వాత మధ్యాహ్నం వరకు నిబ్బు ముంచడం, తుడవడం. చిత్తుకాగితం మీద ఒక్క ముఖం కూడా వేయలేదు. వేస్తే దాన్ని చూసి గీస్తాను. నాకు అదే కదా వచ్చింది.

ఆమె ముఖం గుర్తు తెచ్చుకోబోతే ఆసుపత్రిదే వస్తోంది. అది మిణుగురుకి పనికిరాదు. నాకూ పనికిరాదు. అప్పుడు తలుపు వైపు చూశాను. సాయంత్రం టీ గ్లాసుతో అక్కడ నిలబడేది, నేను పేజీ పూర్తి చేసి తల ఎత్తుతానని. పిలిచేది కాదు. ఎంతసేపైనా పిలిచేది కాదు. నాకు తెలిసేది, అయినా ఇంకో గీత, ఇంకో గీత అని తల ఎత్తేవాణ్ణి కాదు. టీ చల్లారేది.

ఇవాళ తల ఎత్తి చూశాను. ఆ తలుపునే చూస్తూ గీశాను. కళ్లు మొదట. ఎవరో తల ఎత్తుతారని చూస్తున్న కళ్లు. తర్వాత కనుబొమలు, ఒకటి కొంచెం పైకి. పెదవి, ఏదో అనబోయి ఆగినట్టు. నీలం అక్షరాల మీదుగానే నిబ్బు నడిచింది. గాడి లేదు. రెండుచోట్ల తడబడింది. అలాగే వదిలేశాను.

పెద్దాయనలా రాలేదు. ఆమెలా కూడా పూర్తిగా రాలేదు. ముక్కు మరదలిది వచ్చింది. అక్కచెల్లెళ్లు కదా.

ఇంకు ఆరింది. అలవాటుగా రబ్బరు అందుకుని పేజీ మీదికి వంగాను.

చెరపడానికి ఏమీ లేదు.

రబ్బరు డబ్బాలో పెట్టాను. బల్ల చివర పదహారు రోజుల పొట్టు ఉంది. దాన్ని ఇంకా ఊడ్చలేదు.